పంతులు అడగని ప్రశ్న

పోయినవారం ఎందుకమ్మని ల్యాబులో బల్ల ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. వేలు మీట మీద ఉంది, కళ్ళు ఎర్ర బల్బు మీద ఉన్నాయి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. ఎందుకమ్మకి అసలు పేరు వేరే ఉంది గానీ ఇంట్లో ఎవరూ దాన్ని వాడరు. అక్క పెళ్ళయిన కొత్తలో ఈ పిల్ల లిఫ్టు మెకానిక్కైన బావ వెంటపడి లిఫ్టుల మెషీన్ గదుల్లోకి వెళ్ళి, ఈ తాడెందుకు, ఆ చక్రమెందుకు, ఈ బరువెందుకు అని ఆయన్ని ఊపిరి తిప్పుకోనిచ్చేది కాదు. "ఎందుకమ్మ వచ్చిందిరోయ్, ఇక పని సాగినట్టే" అని బావ తోటివాళ్ళతో నవ్వేవాడు. ఆ పేరే నిలిచిపోయింది. పెద్దయ్యాక ఆ ఎందుకులన్నీ చదువు వైపు తిరిగి, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కి పరీక్షలు పెట్టే సాఫ్ట్‌వేర్ మీద పరిశోధన చేస్తోంది. దాన్ని ల్యాబులో అందరూ పంతులు అంటారు. మనకేం కావాలో, అంటే రిక్వైర్‌మెంట్లు, మామూలు మాటల్లో రాసిస్తే చాలు. పంతులు చదువుకుని, అందులోంచి ప్రశ్నలు అల్లి, సాఫ్ట్‌వేర్‌ని ఎదురుగా కూర్చోబెట్టి పరీక్ష పెట్టి, పాసో ఫెయిలో తేల్చేస్తాడు. అలా పాసైన వాటిలో ఒక లిఫ్టుల కంపెనీ కొత్తగా చేసిన కంట్రోల్ బోర్డు కూడా ఉంది.

ఆ బోర్డు పెట్టిన లిఫ్టే మూడో అంతస్తు టైలరమ్మ తుంటి ఎముక విరగ్గొట్టింది. బట్టల మూటతో ఆవిడ ఒక అడుగు లోపల పెట్టిందో లేదో, తలుపు తెరిచి ఉండగానే పెట్టె కదిలిపోయింది. ఆ పూట ఆ లిఫ్టుకి సర్వీసు చేసింది మరెవరో కాదు, బావ.

కంపెనీ ఒకటే పాట పాడుతోంది. సాఫ్ట్‌వేర్ అన్ని టెస్టులూ పాసయింది, కాబట్టి తప్పు మనిషిదే. మెకానిక్కు పని చేసేటప్పుడు తలుపు సంగతి పట్టించుకోవద్దని బోర్డుకి చెప్పడానికి ఒక స్విచ్చి ఉంటుంది. పని అయ్యాక దాన్ని మామూలుకి తిప్పాలి. బావ తిప్పడం మర్చిపోయి, టైలరమ్మ పడ్డాక గుట్టుచప్పుడు కాకుండా తిప్పేశాడని వాళ్ళ వాదన. తలుపు దగ్గర ఏవో కొత్త ముక్కలు బిగించి ఆ లిఫ్టుని మళ్ళీ నడిపించేస్తున్నారు కూడా. రేపు పొద్దున విచారణ. మర్చిపోయానని సంతకం పెడితే లైసెన్సు తీసేసి వదిలేస్తామన్నారు, పెట్టకపోతే పోలీసు కేసన్నారు. జుట్టు నెరిసేదాకా లిఫ్టులే లోకంగా బతికిన మనిషి ఆ సంతకానికి సిద్ధపడిపోయాడు.

ఈ పొద్దున ఎందుకమ్మ బావని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ రోజు ఏ పని తర్వాత ఏ పని చేశాడో వరసగా చెప్పించుకుంది. ల్యాబుకొచ్చి బల్ల మీద అదే వరసలో చేసింది. ఆ బల్ల మీద ఉన్నది లిఫ్టు కాదు, లిఫ్టు బుర్ర. అదే కంట్రోల్ బోర్డు, దానికో చిన్న మోటారు, మోటారుకో చక్రం, తలుపు బదులు బిస్కెట్ డబ్బా మూత. మూత తెరిచి ఉంటే ఎర్ర బల్బు వెలుగుతుంది. వెలిగినంతసేపూ చక్రం తిరగకూడదు. లిఫ్టుల లోకంలో ఇంతకు మించిన చట్టం లేదు.

ఎర్ర బల్బు వెలుగుతోంది. చక్రం తిరుగుతోంది. అప్పుడే వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఆ బోర్డు కంపెనీకి తిరిగి పంపెయ్యమన్నాను కదా?"

ఎందుకమ్మ గైడు, మేడమ్. గట్టిగా మాట్లాడటం ఎవరూ విన్న పాపాన పోలేదు. చెక్కిన పెన్సిళ్ళ కట్ట లేకుండా ఎప్పుడూ కనపడదు. ఎవరైనా తప్పు చెబితే కోప్పడదు, ఒక పెన్సిల్ తీసి "మళ్ళీ చెప్పు" అంటుంది. దానికే శిష్యులకి చెమటలు పట్టేస్తాయి. ఎందుకమ్మకి మాత్రం మేడమంటే ప్రాణం. ఇంట్లో అక్క ఎంతో, ఇక్కడ ఈవిడ అంత.

"పంపుదామనే అనుకున్నాను మేడమ్. ఒక్కసారి ఇలా రండి."

మేడమ్ వచ్చింది. బల్బుని చూసింది, చక్రాన్ని చూసింది. మొహంలో ఏమీ మారలేదు గానీ చేతిలో పెన్సిల్ మాత్రం తిరగడం ఆగిపోయింది.

"మూత సరిగ్గా ఆనలేదేమో."

"ఆనకపోతే కదా మేడమ్ బల్బు వెలిగేది. తలుపు తెరిచుందని బోర్డుకి తెలుసు. తెలిసే నడుపుతోంది."

"వైరింగ్?"

"మూడుసార్లు చూశాను."

"మళ్ళీ చెయ్యి. మొదటి నుంచి. నోటితో చెబుతూ చెయ్యి."

ఎందుకమ్మ మోటారు ఆపింది. మొదటి నుంచి మొదలుపెట్టింది. "కరెంటు ఉంది. స్విచ్చి తలుపు పట్టించుకోవద్దు వైపుకి తిప్పుతున్నాను. ఇది మా బావ పని మొదలుపెట్టినప్పుడు. ఇప్పుడు పని అయిపోయింది. మెయిన్ తీస్తున్నాను, కరెంటు పోయింది. స్విచ్చి మామూలుకి తిప్పుతున్నాను. మెయిన్ వేస్తున్నాను. మూత తెరిచే ఉంది. కింది నుంచి ఎవరో పిలిచారు, మీట నొక్కుతున్నాను."

చక్రం తిరిగింది.

"ఇప్పుడిది చూడండి. అంతా అదే, కాకపోతే కరెంటు ఉండగానే స్విచ్చి మామూలుకి తిప్పుతున్నాను." తిప్పి, మీట నొక్కింది. చక్రం బెల్లంకొట్టిన రాయిలా ఊరుకుంది. ఎర్ర బల్బు ఒక్కటే వెలుగుతోంది.

మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ బల్ల మీద పడుతోంది. పక్కగదిలో ఎవరో ప్రింటర్‌తో కుస్తీ పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎందుకు?" అంది మేడమ్. మామూలు రోజైతే ఎందుకమ్మని పట్టుకుని ఎందుకు అని అడిగినందుకు ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

"బోర్డులో రెండు ముక్కలున్నాయి మేడమ్. పిలిస్తే వెళ్ళాలా వద్దా అని చూసే ముక్క నేరుగా స్విచ్చినే చూస్తుంది. తలుపు సంగతి చూసే ముక్క స్విచ్చిని చూడదు. తన మెమరీలో రాసిపెట్టుకున్నది చూసుకుంటుంది. స్విచ్చి కదిలినప్పుడు మాత్రమే ఆ మెమరీ మారుతుంది. కరెంటు లేనప్పుడు కదిలితే దానికెలా తెలుస్తుంది? నిద్రలేచి, పడుకోబోయే ముందు చెప్పిన మాటే పట్టుకుంటుంది. తలుపు పట్టించుకోకు అని. ఇటు మొదటి ముక్కేమో స్విచ్చి మామూలుగానే ఉంది కదా అని జనాన్ని ఎక్కించుకుంటుంది."

"అసలు కరెంటు తీసి ఆ స్విచ్చి తిప్పేవాళ్ళెవరు? కంపెనీ మాన్యువల్లో ముందు స్విచ్చి తిప్పమనే ఉంది."

"మా బావ తిప్పుతాడు."

బావకి పని నేర్పిన మేస్త్రికి కుడిచేతి వేళ్ళు రెండు లేవు. ఆ చేతితోనే ఆయన శిష్యుల నెత్తి మీద మొట్టి నేర్పాడు: కంట్రోల్ పెట్టె మూసేముందు మెయిన్ తియ్యి, లోపల మరలన్నీ ఒకసారి బిగించు, స్విచ్చిలన్నీ యథాస్థానానికి తిప్పు, మూత వెయ్యి, ఆ తర్వాతే మెయిన్ వెయ్యి. ఈ రోజుల్లో మరలు బిగించే ఓపిక ఎవరికుంది? స్విచ్చి టక్కున తిప్పేసి పోతారు. వాళ్ళకి ఏమీ కాలేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేసినవాడి నెత్తినే ఇది వచ్చి పడింది. టైలరమ్మ పడ్డాక కంపెనీ ఇంజనీరు వచ్చి, కరెంటు ఉండగానే స్విచ్చిని అటూ ఇటూ తిప్పి, అంతా బాగానే ఉందే అన్నాడు. బాగానే ఉంటుంది మరి! ఆ తిప్పడంతోనే మెమరీ కడిగినట్టు శుభ్రమైపోయింది.

"రిక్వైర్‌మెంట్లలో దీని గురించి ఏముంది?" అంది మేడమ్.

"ఏమీ లేదు. కరెంటు లేనప్పుడు స్విచ్చి తిప్పితే ఏం కావాలో ఎవరూ రాయలేదు."

"అయితే పంతులుకి దీనికి టెస్టే ఉండి ఉండదు. కాగితంలో లేనిదాన్ని ఎక్కడని పరీక్షిస్తాడు? అది కంపెనీ లోపం, మనది కాదు." మేడమ్ గొంతులో కొంచెం ఊపిరి తిరిగింది.

"టెస్టు ఉంది మేడమ్."

కంప్యూటర్ తెరని ఆవిడ వైపు తిప్పింది. పంతులు చాలా శ్రద్ధగా రాసుకున్నాడు. కరెంటు పోయి వచ్చాక, స్విచ్చి ఎటు ఉన్నా సరే, తలుపు సంగతి చూసే ముక్క పాత మెమరీ ప్రకారమే నడవాలి. అలాగే నడిచింది. పాస్. పక్కన ఆకుపచ్చ టిక్కు. టెస్టుకి ఆధారం ఏమిటన్న చోట మామూలుగా రిక్వైర్‌మెంటు నంబరు ఉంటుంది. ఇక్కడ 'గమనించినది' అని ఒక్క మాట ఉంది.

ఆ మాట అక్కడికెలా వచ్చిందో ఇద్దరికీ తెలుసు.

మొదట్లో పంతులు ఇలాంటివాడు కాదు. కాగితంలో ఏదైనా చెప్పకుండా వదిలేసిన చోటు కనపడితే అక్కడే ఆగిపోయి అడిగేవాడు: ఇక్కడ ఏం జరగాలి? ప్రశ్నల మీద ప్రశ్నలు. కంపెనీ ఇంజనీర్లకి విసుగెత్తిపోయింది. "మీ పంతులుకి జవాబులు చెప్పుకుంటూ కూర్చుంటే మేం లిఫ్టులెప్పుడు చేసేది?" అని ముఖం మీదే అనేశారు. అప్పుడు మేడమ్‌కి ఒక ఆలోచన వచ్చింది. కాగితం మౌనంగా ఉన్న చోట సాఫ్ట్‌వేర్ ఏం చేస్తోందో పంతులే చూసి, దాన్నే నియమంగా తీసుకుంటే సరిపోతుంది కదా? తెలిసినవాళ్ళు చేసిన సాఫ్ట్‌వేర్, ఎక్కువ భాగం సరిగ్గానే ఉంటుంది కదా? ఎందుకమ్మ తిండి కూడా మర్చిపోయి ఆ ప్రోగ్రాం రాసింది. పంతులు అడగడం మానేశాడు. అందరూ నెత్తిన పెట్టుకున్నారు. దాని మీద రాసిన పేపరుకి సదస్సులో బహుమతి వచ్చింది, ఇద్దరూ జ్ఞాపిక పట్టుకుని దిగిన ఫొటో ఈ గది గోడ మీదే ఉంది.

పిల్లవాడి జవాబులు చూసి, వాటిలోంచి ప్రశ్నపత్రం తయారుచేశాక ఆ పిల్లవాడు తప్పడమంటూ ఉంటుందా? జరిగింది అదే. పుట్టిన దగ్గర్నుంచీ ప్రపంచాన్ని ఎందుకు అని నిలదీసిన ఎందుకమ్మ, అడగడం చేతకాని పంతులుని తయారుచేసి పెట్టింది. ఆ సంగతి పొద్దున్నే అర్థమైంది ఆమెకి. అర్థమైన దగ్గర్నుంచీ సిగ్గుతో చచ్చిపోతోంది.

"ఎవరికైనా చెప్పావా?" అంది మేడమ్.

"లేదు. ముందు మీకే."

"మంచిపని చేశావు. కూర్చో."

ఎందుకమ్మ కూర్చోలేదు.

"నిన్ననే విచారణ కమిటీకి నా అభిప్రాయం పంపాను" అంది మేడమ్. "సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదని. సంతకం చేసి."

"మీరా? మా బావ అని తెలిసి కూడానా?"

"తెలిసే. చుట్టరికం చూసి అభిప్రాయం మార్చకూడదు కాబట్టే. నా దగ్గరున్నది పంతులు ఇచ్చిన ఫలితాలు. అవన్నీ పచ్చగా ఉన్నాయి. నువ్వైనా అదే రాసేదానివి."

నిజమే. అదే రాసేది. దానికే ఇంకా ఉక్రోషం వచ్చింది ఆమెకి.

"ఇప్పుడు తెలిసింది కదా మేడమ్. రేపు వెళ్ళి చెబుదాం."

మేడమ్ పెన్సిళ్ళని బల్ల మీద వరసగా పేర్చడం మొదలుపెట్టింది. ఇబ్బందిగా ఉన్నప్పుడు ఆవిడకి అదో అలవాటు. "రేపు కాదు. నాకు కొంచెం వ్యవధి కావాలి. కంపెనీతో నేను మాట్లాడతాను. బోర్డు చడీచప్పుడు లేకుండా సరిచేయిస్తాను. పంతులు ఇంకా ఎన్ని చోట్ల ఇలా చేశాడో మనం చూసుకోవాలి. ఆస్పత్రివాళ్ళది ఒకటి ఉంది, రైల్వే గేట్లది ఉంది. ఇవన్నీ చూడకుండా రేపు పొద్దున వెళ్ళి పంతులు పనికిరాడని అరిస్తే ఏమవుతుందో తెలుసా? ఈ ల్యాబుకి తాళం పడుతుంది. నీ డాక్టరేటు పోతుంది. పక్కగదిలో ఆ ప్రింటర్‌తో కొట్టుకుంటున్నాడే, వాడిది కూడా పోతుంది."

"మరి మా బావ?"

"లైసెన్సు పోతే మళ్ళీ తెప్పించుకోవచ్చు. అన్నీ సర్దుకున్నాక నేనే రాసిస్తాను."

"లైసెన్సు గురించి కాదు మేడమ్!" ఎందుకమ్మ గొంతు లేచింది. ఈ గదిలో ఆమె గొంతు అలా లేవడం ఇదే మొదలు. పక్కగదిలో ప్రింటర్ చప్పుడు ఆగిపోయింది. "ఆయనకి ఆయన మీదే నమ్మకం పోయింది. పొద్దున నాతో ఏమన్నాడో తెలుసా? 'ఏమో ఎందుకమ్మా, వయసు మీద పడుతోంది, మర్చిపోయానేమో. అంతమంది అంటున్నారంటే మర్చిపోయే ఉంటాను' అన్నాడు. ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని ఇప్పుడు లేచి లేచి చూసుకుంటున్నాడు. తలుపు గడియ వేసి, మళ్ళీ వచ్చి లాగి చూసుకుంటున్నాడు. మా అక్క చూస్తూ ఏడుస్తోంది. రేపు ఆ సంతకం పెడితే ఇక ఆ మనిషి మనిషి కాడు. ఆయన చెయ్యని తప్పు ఆయన చేతే ఒప్పించి, తర్వాతెప్పుడో మీరు కాగితం రాసిస్తే ఏం లాభం?"

మేడమ్ తలెత్తి చూసింది. "ఒక్కటి అడుగుతాను. ఇదంతా నువ్వు పరిశోధకురాలిగా చెబుతున్నావా, మరదలిగా చెబుతున్నావా?"

ఆ మాట చెంపమీద కొట్టినట్టు తగిలింది. ఎందుకమ్మ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, కానీ మాట తడబడలేదు. "ఎవరుగా చెప్పినా ఆ బల్బు వెలుగుతూనే ఉంటుంది మేడమ్. ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. మీరే చెయ్యండి. నన్ను నమ్మొద్దు. చేసి, మళ్ళీ చెప్పు అనండి."

మేడమ్ లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ బల్ల మీద చెయ్యి పెట్టి పని చెయ్యడం ఎవరూ చూడలేదు, అన్నీ శిష్యులే చేసి చూపిస్తారు. స్విచ్చి తిప్పింది. మెయిన్ తీసింది. స్విచ్చి మామూలుకి తిప్పింది, సరిగ్గా తిరిగిందా అని వంగి చూసుకుంది. మెయిన్ వేసింది. ఇక మీట నొక్కాల్సి ఉండగా ఆగి, పేర్చిన పెన్సిళ్ళలోంచి ఒకటి తీసి, డబ్బా మూత సందులోంచి చక్రం ఆకుల మధ్యకి దూర్చింది. టైలరమ్మ కాలు అక్కడే కదా ఉన్నది.

మీట నొక్కింది.

పెన్సిల్ టప్పున విరిగింది. ఒక ముక్క ఎగిరి కిటికీ దగ్గర పడింది. చక్రం దాని మానాన అది తిరుగుతూనే ఉంది.

మేడమ్ మోటారు ఆపి, వంగి ఆ ముక్క ఏరుకుంది. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. లేచేసరికి ఆవిడ మొహం ఒక్కసారిగా పదేళ్ళు పైబడినట్టు కనపడింది.

"ఆ టైలరమ్మకి ఇప్పుడెలా ఉంది?"

ఇన్ని రోజుల్లో ఆ ప్రశ్న ల్యాబులో ఎవరూ అడగలేదు. ఎందుకమ్మకి ఆ క్షణంలో మేడమ్ మీద కోపం సగం చల్లారిపోయింది.

"కర్ర పట్టుకుని మంచం దగ్గర్నుంచి కుర్చీదాకా నడుస్తోంది. మొన్న వెళ్ళాను. కుట్టు మిషను తొక్కలేదు కదా, మోటారు పెట్టించుకోవాలంటోంది. బావ మీద కోపం లేదు ఆవిడకి. మర్చిపోయి ఉంటాడులే పాపం, మంచివాడు, అంటోంది."

"ఆవిడ కూడా మర్చిపోయాడనే అంటోందన్నమాట."

"అందరూ అదే అంటున్నారు మేడమ్. నేను కూడా నిన్నటిదాకా లోలోపల అదే అనుకున్నాను."

మేడమ్ పెన్సిల్ ముక్కల్ని చేతిసంచిలో వేసుకుంది. మిగిలిన పెన్సిళ్ళు ఎలా పేర్చినవి అలాగే వదిలేసింది. "రేపు నేనూ వస్తాను. నా సంతకం నేనే వెనక్కి తీసుకోవాలి, నువ్వు తీసుకోలేవు. ఈ బల్ల కూడా మోసుకుపోదాం. కమిటీవాళ్ళ చేతే మీట నొక్కిద్దాం."

"ల్యాబు మేడమ్..."

"ల్యాబు సంగతి నాకొదిలెయ్. ముందు మీ బావకి ఫోన్ చేసి చెప్పు. నువ్వు మర్చిపోలేదు అని చెప్పు. రేపటిదాకా ఎందుకు ఆగడం?"

ఎందుకమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఫోన్ తీసింది. బావకి చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేద్దామనుకునేలోపు అక్క ఫోన్ వచ్చింది.

"అక్కా! నేనే చేద్దామనుకుంటున్నా. బావ ఏం చేస్తున్నాడు? ఫోనివ్వు, అర్జెంటు."

"మీ బావ నీకేమైనా చెప్పాడా?" అక్క గొంతులో కంగారు. "అన్నం కూడా సగంలో వదిలేసి లేచిపోయాడే. పనిముట్ల సంచి తీసుకున్నాడు. ఎక్కడికంటే ఆ లిఫ్టు దగ్గరికే అన్నాడు."

"ఏ లిఫ్టు?"

"ఏ లిఫ్టేంటే, మన కొంప ముంచిన లిఫ్టు! పొద్దున నువ్వు అంత వివరంగా అడిగావుగా, అప్పట్నుంచీ మనిషి మనిషిలో లేడు. సంతకం పెట్టేముందు ఒక్కసారి ఆ రోజు చేసినట్టే మొత్తం చేసి చూసుకుంటా అన్నాడు. మర్చిపోయానో లేదో నా చేతులకి గుర్తొస్తుంది అన్నాడు. వద్దంటే వింటాడా? ఎందుకమ్మా, ఏంటే, మాట్లాడవేం?"

పొద్దున బావ చెప్పిన వరసలో చివరి ముక్క ఇప్పుడు గుర్తొచ్చింది ఎందుకమ్మకి. మెయిన్ వేశాక ఆయన మెట్ల మీదుగా దిగి వస్తాడు. తలుపు దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడి, కింది నుంచి వాచ్‌మన్ చేత మీట నొక్కిస్తాడు. పెట్టె కదలకుండా నిలబడితేనే జనాన్ని ఎక్కనిస్తాడు. ముందు నా కాలు పోవాలి, తర్వాతే ఇంకొకరిది, అని నవ్వుతూ చెప్పాడు. ఆ రోజు ఆయన మెట్లు దిగేలోపే టైలరమ్మ తొందరపడి ఎక్కింది. లేకపోతే ఆ కాలు ఆయనదే అయ్యేది.

ఈ రోజు తొందరపడే టైలరమ్మ లేదు. మంచంలో ఉంది.

"ఆయన ఫోన్ ఎత్తట్లేదక్కా!"

"పనిలో ఉంటే సంచిలో పెట్టేస్తాడుగా. ఏమైందే? ఏమైందో చెప్పవే!"

అక్క మాట మధ్యలోనే ఎందుకమ్మ ఫోన్ పెట్టేసింది. అలా పెట్టెయ్యడం ఆమె జన్మలో లేదు. టైలరమ్మని చూడ్డానికి వెళ్ళినప్పుడు వాచ్‌మన్ నంబరు తీసుకుంది, అది వెతికింది. వేలు జారి ఎవరికో వెళ్ళబోతే, మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపి, తనే నొక్కి స్పీకర్‌లో పెట్టింది. సంగతి ఆవిడకీ అర్థమైపోయింది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తాడు.

"ఎవరండీ? ఆ, మీరా అమ్మా! మీ బావగారు ఇక్కడే ఉన్నారమ్మా. ఇంతసేపూ పైన మెషీన్ గదిలో ఉన్నారు. కరెంటు తీశారు, ఇప్పుడే వేశారు కూడా."

"ఆయన్ని పిలవండి! లిఫ్టు దగ్గరికి వెళ్ళొద్దని చెప్పండి! గట్టిగా అరవండి!"

"మెట్లు దిగి మూడో అంతస్తులో ఆగారమ్మా. తలుపు దగ్గర నిలబడ్డారంట. మనిషి ఎంత హుషారుగా ఉన్నారో! నాకంతా గుర్తొచ్చింది, నేను మర్చిపోలేదు అని పైనుంచి కేకేశారు. నన్నేమో కింద మీట నొక్కమన్నారు."

"నొక్కకండి!" ఎందుకమ్మ, మేడమ్ ఒక్కసారే అరిచారు.

అవతల వాచ్‌మన్ గొంతు వినిపించింది, చాలా మెల్లగా.

"మీ ఫోన్ ఎత్తేముందే నొక్కానమ్మా."